అతుకు మీద రంగు



వేసవి మొదలైన రోజులు. ఆదివారం దివ్యపూజ ముగించి బయటకు వచ్చేసరికి, సముద్రపు వేట మీద బతికే యువకుడు ఒకడు గుడి మెట్ల దగ్గర నా కోసం నిలబడి ఉన్నాడు. పాపసంకీర్తనానికేమో అనుకున్నాను. "కాదు ఫాదర్ గారూ. ఇది పాపమో కాదో తెలుసుకుందామని వచ్చాను. చేశాక అడగడం కంటే ముందు అడగడం మేలు కదా" అన్నాడు. గురువునై ఇన్నేళ్ళు గడిచినా, చేయకముందు వచ్చి అడిగినవారిని నేను వ్రేళ్ళ మీద లెక్కపెట్టగలను. అందుకే కూర్చోబెట్టి విన్నాను. పేరూ ఊరూ లేకుండా ఈ సంగతి వ్రాయడానికి అతడు ఒప్పుకున్నాడు.

క్రిందటి సంవత్సరం అతడు భార్య గొలుసు తాకట్టు పెట్టి ఒక పాత ఫైబర్ పడవ కొన్నాడు. క్రొత్తదాని ధరలో సగానికే వచ్చింది. నీలం రంగు నిగనిగలాడుతున్నది. ఇంజను ఆగిపోతే తెరచాప ఎత్తుకోవడానికి ఒక గడ కూడా ఉన్నది. రెండు నెలలు బాగానే నడిచింది. ఒకనాడు తెల్లవారుజామున ఒడ్డు కనబడనంత దూరంలో ఉండగా కాళ్ళ క్రింద నీరు చేరింది. వల వేసినప్పుడు లోనికి వచ్చిన నీరే అనుకున్నారు. తోడినకొద్దీ వస్తూనే ఉన్నది. అన్నదమ్ములిద్దరూ కోసిన నూనె డబ్బాతో వంతులవారీగా తోడుకుంటూ, పట్టిన చేపలను కూడా సముద్రంలోనే పారబోసి, నిజాంపట్నం మొగలోకి వచ్చి పడ్డారు. పడవను ఒడ్డుకు లాగి అడుగున రంగు గీకి చూస్తే వ్రేలి మందాన పుట్టీ బయటపడింది. దాని క్రింద మూరెడు పొడుగున పగులు. ఆ పగులు ఆనాటిది కాదు. లోపలి పొరలు తడికి నానిపోయి నల్లబడి ఉన్నాయట.

పడవ అమ్మినాయన దగ్గరకు వెళ్ళి అడిగితే, "నేనూ అలాగే కొన్నాను, నాకేం తెలుసు?" అన్నాడు.

ఇప్పుడు వేట నిషేధం. తూర్పు తీరమంతటా ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలు సముద్రంలోకి వెళ్ళకూడదు. పడవల మరమ్మతులూ, చేతులు మారే బేరాలూ ఎక్కువగా జరిగే కాలం కూడా అదే. బాపట్ల దగ్గర సూర్యలంక వైపు నుండి ఒకాయన ఈ పడవను చూడడానికి వస్తానని కబురు చేశాడు. "నేను కొన్నట్టే అమ్మేస్తే తప్పేమిటి ఫాదర్ గారూ? నాకు మాత్రం ఎవరు చెప్పారు?" ఇదీ అతడి ప్రశ్న.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తెనాలి కాలువల ప్రక్కన పెరిగిన నాకు పడవంటే దూరం నుండి చూసిన వస్తువే. సెమినరీలో తత్వశాస్త్రం చదివినప్పుడు మా ప్రొఫెసరు గారు ఒక మాట నేర్పారు: సంగతి తెలియకుండా సూత్రం చెప్పేవాడు రోగిని చూడకుండా మందు వ్రాసే వైద్యుడితో సమానం. అందుచేత ఆ వారంలోనే రేపల్లె మీదుగా వెళ్ళి పడవను చూసి వచ్చాను. అక్కడ ఫైబర్ పని చేసే ఒక పెద్దాయన నాకు ఒక పూటంతా పాఠం చెప్పారు. ఆ పాఠం మీకూ కొంత చెప్పాలి. అది తెలియకపోతే ఈ ప్రశ్నలోని బరువు తెలియదు.

ఫైబర్ పడవంటే ప్లాస్టిక్ పడవ కాదు. సన్నటి గాజు నారలతో చేసిన చాపలను పొరలు పొరలుగా పరచి, ఒక్కొక్క పొరనూ రెసిన్ అనే జిగురులో తడిపి గట్టిపరుస్తారు. రెసిన్‌లో నూటికి ఒకటి రెండు పాళ్ళు హార్డనర్ కలిపితే అది తనలో తానే వేడెక్కి రాయిలా బిగుసుకుంటుంది. మే నెల ఎండలో కలిపిన డబ్బా చేతిలో ఉండగానే గట్టిపడిపోతుందట. ఆ పనిలో బలమంతా నారది. జిగురు ఆ నారలను పట్టి ఉంచుతుందంతే. పైన కనబడే నున్నటి రంగుపొర నీటిని ఆపుతుందే గాని బరువు మోయదు.

పడవ రాతికో, మునిగి ఉన్న దుంగకో కొట్టుకున్నప్పుడు బయట రూపాయి బిళ్ళంత చుక్క, చుట్టూ సాలెగూడు లాంటి సన్నని గీతలు కనబడతాయి. లోపల మాత్రం పొరలు పళ్ళెమంత మేర విడిపోయి ఉండవచ్చు. కంటికి తెలియదు. చిన్న సుత్తితో వరుసగా తట్టుకుంటూ పోవాలి. బాగున్నచోట ఖంగుమంటుంది. పొర విడినచోట కుండ పగిలినట్టు బొద్దుగా పలుకుతుంది. పెద్దాయన నా చేతికి సుత్తి ఇచ్చి తట్టమన్నారు. ఏమీ తెలియని నా చెవికి కూడా తేడా స్పష్టంగా వినిపించింది.

దీనికి సరియైన మరమ్మతు ఓపికతో కూడిన పని. పాడైన భాగాన్ని మంచి పొర తగిలేదాకా గ్రైండరుతో తీసివేయాలి. ఆ గాజు ధూళి ఒంటికి పడితే రెండు రోజులు దురద, ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా చేటు. తరువాత మంచినీటితో కడిగి ఉప్పంతా పోగొట్టాలి. ఉప్పు మిగిలితే తేమను పీల్చుకుంటూనే ఉంటుంది. ఆ తరువాత రోజుల తరబడి ఆరనివ్వాలి. గుంట అంచులను నిట్టనిలువుగా వదలకుండా వాలుగా చెక్కాలి. మందానికి పన్నెండు రెట్ల వెడల్పు వాలు ఉండాలట. ఆరు మిల్లీమీటర్ల మందం ఉంటే చుట్టూ మూడు అంగుళాల దాకా మంచి పడవను కూడా చెక్కవలసిందే. అప్పుడు గాని క్రొత్త నార పాత నారను తగినంత మేర పట్టుకోదు. ఆపైన చాప మీద చాప వేసి, గాలి బుడగ మిగలకుండా రోలరుతో నొక్కి బిగించాలి.

పుట్టీ పద్ధతికి ఇదంతా అక్కరలేదు. పగులులో పుట్టీ కూరి, ఉప్పు కాగితంతో నున్నగా రుద్ది, రంగు వేస్తే ఒక్క రోజు పని. చూడడానికి అదే బాగుంటుంది. కాని పుట్టీలో పొడవైన నార లేదు. అలకు అలకూ పడవ పొట్ట కొద్దిగా వంగుతూ లేస్తూ ఉంటుంది. నార దానితోపాటు వంగుతుంది. పుట్టీ వంగలేక విరుగుతుంది. ఎప్పుడు విరుగుతుంది? పడవ ఒడ్డున ఉండగా విరగదు. బరువెత్తి, అల పెద్దదై, మనిషి ఒడ్డుకు దూరంగా ఉన్నప్పుడే విరుగుతుంది.

మన పెద్దల కాలంలో ఇలా దాచడం ఇంత సులువు కాదు. ఈ కోరమాండల్ తీరంలో పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టిన పడవలు ఉండేవి. కుట్టు తెగితే మళ్ళీ కుట్టేవారు, క్రొత్త తాడు రంగే చెప్పేది ఇక్కడ తెగిందని. కొయ్య పడవకు పలక మార్చినా అతుకు కనబడేది. ఫైబర్ వచ్చాక గాయానికి మచ్చ లేకుండా పోయింది. 2004 డిసెంబరు 26 సునామీ తరువాత ఈ పడవలు మన తీరాలలో ఒక్కసారిగా పెరిగాయి. ఆ తొందరలో కట్టినవాటి నాణ్యత గురించి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నిపుణులు అప్పుడే హెచ్చరించారు. దానధర్మాలతో కట్టిన పడవలకే అది జరిగితే, బేరం మీద చేతులు మారేవాటి సంగతి వేరే చెప్పాలా?

ఇక ప్రశ్నకు వద్దాం. దోషం చెప్పకుండా అమ్మడం తప్పా?

ఇది మన ఊళ్ళలో పుట్టిన ప్రశ్న కాదు. రెండువేల ఏళ్ళకు పైబడినది. క్రీస్తు పూర్వం 44లో రోము నగరపు సిసెరో తన కుమారుడి కోసం కర్తవ్యాల మీద ఒక గ్రంథం వ్రాశాడు. అందులో ఇద్దరు గ్రీకు తత్వవేత్తల వాదం ఉంటుంది. ఒకడు ఇల్లు అమ్ముతున్నాడు. దూలాలు బలహీనం, గదుల్లో పురుగూ పుట్రా ఉన్నాయి. ఆ సంగతి అతడికి తప్ప ఎవరికీ తెలియదు. చెప్పాలా? గురువైన డయోజనీసు, "కొనమని ఎవరూ బలవంతం చేయలేదు కదా. పాడుబడ్డ ఇల్లు అమ్ముతున్నామహో అని ఎవడైనా దండోరా వేయిస్తాడా?" అంటాడు. శిష్యుడైన ఆంటిపేటరు, దారి తప్పినవాడికి దారి చూపకపోవడం కంటే ఇది ఘోరం అంటాడు. ఈ విషయంలో సిసెరో శిష్యుడి పక్షమే వహించాడు.

మన దేశపు చట్టం ఏమంటుందో చూడండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షను క్రింద ఉదాహరణలున్నాయి. ఒకడు గుర్రాన్ని వేలం వేస్తున్నాడు. అది రోగిష్టిదని తనకు తెలుసు. కొనేవాడికి ఏమీ చెప్పలేదు. ఇది మోసం కాదు అంటుంది చట్టం. వెంటనే రెండవ ఉదాహరణ: కొంటున్నది అప్పుడే యుక్తవయసు వచ్చిన అతడి సొంత కూతురైతే? అప్పుడు చెప్పి తీరాలి, ఆ బంధుత్వం అతడి మీద ఆ బాధ్యత మోపుతుంది. చట్టాన్ని నేను తప్పు పట్టడం లేదు. ఎంత మౌనాన్ని నేరంగా లెక్కించాలో అది ఎక్కడో ఒకచోట గీత గీయాలి గదా. కాని సువార్తలో "నా పొరుగువాడెవడు?" అని అడిగిన ధర్మశాస్త్ర పండితుడు కూడా ఆ గీత ఎక్కడుందనే అడిగాడు. దానికి వచ్చిన జవాబు మీకు తెలుసు. సూర్యలంక నుండి వచ్చే ఆ మనిషి ఇతడికి కూతురూ కాదు, అన్నదమ్ముడూ కాదు. అయితే ఆ పడవ ఎక్కేవారు ఎవరికో ఒకరికి కొడుకులే.

పునీత తోమా అక్వినాసు 13వ శతాబ్దంలో ఈ సంగతి మీద వ్రాసినది నాకు ఎప్పుడు చదివినా ఆశ్చర్యమే. పండితుడు వ్రాసినట్టుండదు, సంతలో నాలుగు రోజులు కూర్చుని వచ్చినవాడు వ్రాసినట్టుంటుంది. గుర్రానికి ఒక కన్ను లేదనుకోండి, అది అందరికీ కనబడేదే గనుక, ధర తగ్గిస్తే నోరు తెరిచి చెప్పనక్కరలేదు అంటారు ఆయన. దోషం దాగి ఉండి, దానివలన కొనేవాడికి నష్టమో ప్రమాదమో కలిగేటట్లయితే చెప్పి తీరాలి. కూలిపోయే ఇంటిని గట్టి ఇల్లని అమ్మడం ఆయన ఇచ్చిన ఉదాహరణలలోనిదే. దొంగతనం గురించి మాట్లాడిన కొద్ది ప్రశ్నలకే ఈ చర్చ వస్తుంది. ఇది ఏడవ ఆజ్ఞ క్రిందికి వస్తుందా, ఎనిమిదవ ఆజ్ఞ క్రిందికి వస్తుందా అని జ్ఞానోపదేశం పిల్లలు అడిగితే, రెండింటి క్రిందికీ అని చెప్పండి. పుట్టీ మీద వేసిన రంగు నోరు లేకుండా ఆడిన అబద్ధం. దానివల్ల వచ్చిన ఎక్కువ ధర ఇతరుల సొమ్ము.

మరి దండోరా ఎగతాళి సంగతి? దానికీ అక్వినాసు దగ్గర సమాధానముంది. ఊరంతా చాటనక్కరలేదు. మొదటే దోషం చాటితే, ఆ వస్తువులోని మంచి కూడా తెలుసుకోకుండా జనం పారిపోతారు. కొనడానికి వచ్చిన మనిషికి విడిగా చెప్పాలి. అప్పుడతడు మంచినీ చెడునూ పక్కపక్కన పెట్టి తూచుకుంటాడు. ఈ మాట నా మిత్రుడికి చాలా ఊరట కలిగించింది. "అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అన్న సామెత ఎరిగిన మనుషులం మనం. అతుకు పడ్డ పడవ అన్న మాట రేవులో పొక్కితే ఎంత బాగా చేసిన అతుకైనా సగం ధర పోతుందని అతడి భయం. ఆ భయం న్యాయమైనదే. దానికోసం అతడు అబద్ధమాడనూ వద్దు, తన నోటితో తన పడవకు దిష్టి తీయనూ వద్దు.

"నాకేం తెలుసు" అన్న మొదటి అమ్మకందారు సంగతి ఇంకా మిగిలి ఉంది. నిజంగా తెలియకపోతే అతడు పాపం చేసినట్టు కాదు. అయితే తెలిసిన తరువాత నష్టం తీర్చవలసిన బాధ్యత అతడి మీద పడుతుంది. ఇదీ అక్వినాసు తీర్పే. నా అనుమానం వేరే. పడవల మధ్య పుట్టిపెరిగిన మనిషి, సుత్తి పట్టి నాలుగు దెబ్బలు తట్టకుండా పడవ కొంటాడా? కొన్నా, అమ్మేముందు తట్టకుండా ఉంటాడా? తడితే తెలుస్తుంది. తెలిస్తే చెప్పాలి. చెబితే ధర పోతుంది. అందుకని తట్టడు. మన నీతిశాస్త్రంలో దీన్ని కోరి తెచ్చుకున్న అజ్ఞానం అంటారు. అది తప్పును తగ్గించదు, పెంచుతుంది.

1877లో విలియం క్లిఫర్డ్ అనే ఆంగ్లేయ గణిత శాస్త్రవేత్త దీని మీదే ఒక వ్యాసం వ్రాశాడు. ఆయన మన విశ్వాసానికి స్నేహితుడేమీ కాదు, అయినా మంచి మాట ఎక్కడున్నా తీసుకోవాలి. ఒక ఓడ యజమానికి తన ఓడ పాతదైందని, మరమ్మతు కావాలని అనుమానం వస్తుంది. ఖర్చు గుర్తుకొస్తుంది. ఇన్నిసార్లు క్షేమంగా వచ్చింది, ఈసారి కూడా వస్తుంది, వలసపోతున్న ఈ కుటుంబాలన్నింటినీ దేవుడే చూసుకుంటాడు అని తన మనసుకు తానే నచ్చజెప్పుకుంటాడు. ఓడ మునుగుతుంది. అతడు బీమా సొమ్ము తీసుకుంటాడు. అతడు ఓడను నిజంగానే నమ్మాడు కదా అంటే, ఆ నమ్మకానికి అతడికి హక్కు లేదంటాడు క్లిఫర్డ్. అంతేకాదు, ఓడ మునగకుండా చేరినా అతడి తప్పు రవ్వంత తగ్గదంటాడు. "దేవుడు చూసుకుంటాడు" అన్న మాట మనం రోజుకు పదిసార్లు అంటాం. సుత్తి పక్కనే ఉండగా తట్టకుండా ఆ మాట అంటే మాత్రం, మన పని ఆయన మీదికి నెట్టడమే. ఈ మాట చెప్పడానికి ఒక అవిశ్వాసి కావలసి వచ్చిందని నాకు కొంచెం సిగ్గుగానే ఉంది.

పడవలు లేనివారు ఇది తమకు కాదనుకోకండి. అంగడికి తోలే ముందు పొదుగు నిండుగా కనబడాలని పూట పాలు పితకకుండా ఆపిన గేదె గురించి తెనాలి చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. పెళ్ళిచూపుల్లో పిల్లవాడి మూర్ఛరోగం సంగతి దాచిన తల్లిదండ్రులు నా దగ్గరకు వచ్చి ఏడ్చారు. "మేం అబద్ధమాడలేదు ఫాదర్, వాళ్ళు అడగలేదు" అన్నారు. ఆ మాట వినడానికి బాగానే ఉంటుంది. పుట్టీ కూడా అంతే.

రెండవసారి కలిసినప్పుడు యువకుడు ఇంకో ప్రశ్న వేశాడు. ఇదే నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది. "నేను ఖర్చు పెట్టి అసలైన మరమ్మతు చేయించాననుకోండి. పొర మీద పొర, పెద్దాయన చెప్పినట్టే. పడవ మళ్ళీ గట్టిదయింది. అప్పుడు కూడా చెప్పాలా? నయమైన రోగం కూడా చాటుకోవాలా?"

నిజానికి బాగా నయమైనది దోషం కాదు. దోషం లేనప్పుడు చెప్పవలసిన బాధ్యత ఎక్కడిది? తర్కం ప్రకారం అతడు గెలిచాడు. కాని ఆ అతుకు గట్టిదని ఎవరి మాట? చేసినవాడిది, అమ్మేవాడిది. ప్రాణం పెట్టేది మాత్రం కొనేవాడు. అతడు తన చెవితో విని, తన కంటితో చూసి నిర్ణయించుకునే అవకాశం మనం తీసివేయకూడదని నాకు తోచింది. అదీగాక, తన పనితనం మీద నమ్మకమున్నవాడు దాన్ని ఎందుకు దాస్తాడు? ఈ రెండవ మాట నేను కొంచెం గట్టిగానే అన్నాను. అతడు నొచ్చుకున్నాడు. "గొలుసు మీది కాదు కదా ఫాదర్ గారూ" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. తనను మోసం చేసినవాడి దగ్గర వసూలు చేసుకోవలసిన నష్టాన్ని, మోసం చేయని మూడవవాడి దగ్గర వసూలు చేసుకోకూడదని చెప్పడం నాకు సులువే. నేను వడ్డీ కట్టడం లేదు.

జూన్ మొదటి వారంలో మళ్ళీ అటు వెళ్ళాను. పడవ బోర్లించి ఉన్నది. చెక్కిన గుంట చాపలతో నిండి గట్టిపడింది. బయటివైపు నీలం రంగు వేశాడు, అది సముద్రం కోసం వేయవలసిందే. లోపలివైపు మాత్రం అతుకు మీద రంగు వేయలేదు. గాజు నార తేనెరంగులో, పొరల అంచులు మెట్లు మెట్లుగా అలాగే కనబడుతున్నాయి. పెద్దాయన చెప్పారా అంటే, కాదు, తనకే అలా తోచిందన్నాడు.

సూర్యలంక ఆయన వచ్చి వెళ్ళాడట. సుత్తి ఉందా అని అడిగితే ఇతడే తెచ్చి ఇచ్చాడు. ఆయన అరగంట సేపు తట్టి చూసి, అనుకున్న దానికంటే బాగా తగ్గించి ధర చెప్పి, ఇంట్లో అడిగి వస్తానని వెళ్ళాడు. నేను ఇది వ్రాసేనాటికి బేరం ఇంకా కుదరలేదు.